రాజీ పడితే పరువు పోద్దా? (అమరావతి నుంచి శ్రీబాగ్ దాకా)

తుళ్ళూరు_అల్లుడు:
సంక్రాంతికి అత్తారింటికెళ్ళా. మా మామగారు 2015లో రెండెకరాల మెట్ట అమరావతి రాజధాని కోసం ల్యాండ్ పూలింగ్‌కి ఇచ్చారు, బదులుగా గవర్నమెంటు ఇస్తానన్నది ఎకరానికి ఏటా 30 వేల కౌలు, వెయ్యి గజాల ఇంటి స్థలం, 250 గజాల కమర్షియల్. ఆ కాగితాలు ప్లాస్టిక్ కవర్లో చుట్టి బీరువాలో పట్టుచీరల కింద పెట్టుకున్నారు. ప్లాటెక్కడ మామయ్యా అంటే ఇన్నాళ్ళూ ముళ్ళకంప వైపు చెయ్యి చూపించేవారు. ఇప్పుడు కంప కొట్టేశారు, పనులు నడుస్తున్నాయి, అయినా ఆయనకి నిద్ర పట్టట్లా, గవర్నమెంటు మారితే మళ్ళీ కంపేగా అని.

2014 సెప్టెంబర్లో విజయవాడ దగ్గర రాజధాని అంటే అసెంబ్లీలో జగన్ గారు కూడా సరే అన్నారు, 2019 డిసెంబర్లో మూడు రాజధానులన్నారు. పోనీ టీడీపీ శుద్ధపూసా? 23 మంది వైసీపీ ఎమ్మెల్యేల్ని లాక్కున్నారు, దాంతో వైసీపీ 2017 నుంచి సభకి రావడమే మానేసింది. 2021 నవంబర్లో చంద్రబాబు గారు వస్తే సీఎంగానే వస్తానని లేచెళ్ళిపోయారు. 2024లో 11 సీట్లొచ్చాక మళ్ళీ వైసీపీ ప్రతిపక్ష హోదా ఇస్తేనే అంటూ బయట కూర్చుంది. ఎదురెదురు కూర్చోనోళ్ళకి రాజీ ఎక్కడ కుదురుద్ది చెప్పండి?

సీమబిడ్డ:
అన్నా నువ్వు రాజీ రాజీ అంటాండావు, మాకు ఆ మాటింటేనే భయం. 1937 నవంబర్ 16, మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు గారి ఇల్లు శ్రీబాగ్. కోస్తా, సీమ నాయకులు ఆడ కూచోని, ఆంధ్ర రాష్ట్రం వస్తే రాజధానో హైకోర్టో ఏదో ఒకటి సీమకు, ఏది కావాలో మేమే కోరుకోవచ్చునని రాసుకున్నారు. 1953లో కర్నూలు రాజధాని అయింది, ఆఫీసులు గుడారాల్లో నడిచినాయి, మూడేండ్లకే మూటా ముల్లె సర్దుకోని హైదరాబాదు పోయినారు. 2014 తర్వాత రెండూ మీ పక్కకే. 2020లో కర్నూలుకు హైకోర్టు అని బిల్లు తెస్తే అదీ రాజకీయమేనని మాకు తెల్సులే, 2021లో వాళ్ళే వాపసు తీసుకున్నారు. ఇచ్చిపుచ్చుకోడం అంటే ప్రతిసారీ ఇచ్చేది మేమేనా?

నల్గొండ_పిల్లగాడు:
మీ శ్రీబాగ్ కన్నా మాదింకా అన్యాలం తమ్మీ. 1956 ఫిబ్రవరి 20, ఆంధ్రా, తెలంగాణ కలిపేటందుకు చేసుకున్న పెద్దమనుషుల ఒప్పందం. సీఎం ఆంధ్రాయన అయితే డిప్యూటీ మావోడు ఉండాలన్నరు, మొదటి కేబినెట్లనే ఆ పోస్టు లేకపాయె. మిగులు నిధులు మా దగ్గర్నే ఖర్చు పెడ్తమన్నరు, 1969ల పిల్లలు రోడ్డెక్కినంక గాని లెక్కలు తియ్యలె. ఇంకో ముచ్చట జెప్పాల్నా, 2014ల రాజ్యసభల విభజన బిల్లు పాసైంది కూడా ఫిబ్రవరి 20నే! ఆరోజే ప్రధాని మీకు అయిదేండ్లు ప్రత్యేక హోదా అన్నడు, నోటితోటి. బిల్లుల రాయలె. ఏమైందో మీకే ఎరుక.

జమాఖర్చుల_బాబాయ్:
ఆ చివరి ముక్కే అసలు పాయింటు. నేను రోజూ జీఎస్టీ రిటర్నులతో చచ్చేవాణ్ణి, దాని మీద ప్రేమేం లేదు, కానీ రాజీ కుదిరిన తీరు చూడండి. 2016 ఆగస్టు 3న రాజ్యసభలో జీఎస్టీ కోసం తెచ్చిన రాజ్యాంగ సవరణ బిల్లుకి ఒక్క వ్యతిరేక ఓటూ పడలేదు. కాంగ్రెస్ వద్దన్న 1 శాతం అదనపు పన్ను కేంద్రం తీసేసింది, పన్ను రేటు 18 శాతం మించకూడదని రాజ్యాంగంలో రాయాలన్న పట్టు కాంగ్రెస్‌కి దక్కలేదు. పన్ను రేట్లు తేల్చే జీఎస్టీ కౌన్సిల్లో కేంద్రానికి మూడో వంతు ఓటు, రాష్ట్రాలకి మిగతాది, ముప్పాతిక వంతు ఓట్లు లేందే ఏదీ పాసవ్వదు. రాష్ట్రాల ఆదాయం ఏటా 14 శాతం పెరిగినట్టు లెక్కేసి, తగ్గితే అయిదేళ్ళు పరిహారమని చట్టంలో రాశారు. 2020లో కరోనా వచ్చి డబ్బుల్లేవన్నా చివరికి కేంద్రమే అప్పు తెచ్చి రాష్ట్రాలకి సర్దింది, ఎందుకంటే చట్టం అడ్డముంది. శ్రీబాగ్‌కి అడ్డమేముంది, పెద్దమనుషుల మొహమాటం తప్ప?

సీమబిడ్డ:
బాబాయ్ ఇది ఒప్పుకుంటా. కానీ ఆ చట్టం రాయాలన్నా ఇద్దరూ సభకు రావాల్నే కదా, మళ్ళీ మొదటికే వచ్చె.

తుళ్ళూరు_అల్లుడు:
అదేగా నేను మొత్తుకునేది. 2014 విభజన చట్టంలో "కొత్త రాజధాని" అని రాశారు, ఊరి పేరు రాయలా, ఆ ఖాళీలోనే అయిదేళ్ళు పోయాయి. నా మటుకు నాకు, అమరావతి కదలదని రాసే పక్కనే కర్నూలుకి ఏమిస్తారో కూడా రాస్తే, మా మామగారేం కాదనరు. అడిగా కూడా. "రాసి, రెండు పార్టీల చేతా సంతకాలు పెట్టించి తీసుకురా అల్లుడూ, ఈ కవర్లోనే దాస్తా" అన్నారు.