మూడేళ్ల తర్వాత ఆ క్లాసులు మానేశాను, నేను చేర్చిన తోటికోడలు ఇంకా అక్కడే ఉంది

కావలి టీచర్:
మాది కావలి, ప్రైవేట్ స్కూల్లో లెక్కలు చెబుతాను. నెల్లూరులో ఒకాయన నడిపే వ్యక్తిత్వ వికాసం క్లాసులకు మూడేళ్లు వెళ్లాను, పేరు చెప్పను. మొదట్లో నిజంగానే మేలు జరిగింది, నలుగురిలో మాట్లాడాలంటే గొంతు పట్టేసే నేను పేరెంట్స్ మీటింగ్‌లో ధైర్యంగా నిలబడ్డాను, ఆ మాట దాచను. తర్వాత లెవెల్ మీద లెవెల్, మొత్తం 1,80,000 కట్టాను. కొత్తవాళ్లను తీసుకొస్తే మన ఫీజు తగ్గించేవాళ్లు, అలా మా తోటికోడలిని నేనే చేర్చాను.

పోయిన నెల అల్లూరు వైపు రొయ్యల రైతు ఒకాయన వచ్చాడు. రొయ్యలకు తెల్లమచ్చ తెగులు వచ్చి రెండు గుంటలూ పోయాయి. సార్ ఆయన్ని స్టేజీ మీద నిలబెట్టి "నా ఆలోచనే నా గుంటను చంపింది" అని అనమన్నారు. వైరస్ సార్, పక్క గుంటలకూ వచ్చింది అని ఆయన అంటుంటే సాకులు చెప్పొద్దన్నారు. భుజం మీది తువ్వాలు మెలిపెడుతూ మెలిపెడుతూ చివరికి ఏడుస్తూ ఆ మాట అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు, నేనూ కొట్టాను. టీ టైంలో ఆయన్నే తర్వాతి లెవెల్‌కు 25,000 అడుగుతుంటే విన్నాను. కావలి దాకా బస్సులో ఏడుస్తూనే ఉన్నాను, మళ్లీ వెళ్లలేదు.

ఇప్పుడు నిద్ర పట్టడం లేదు. రెండో లెవెల్‌లో మనం సిగ్గుపడే విషయాలన్నీ కాగితం మీద రాయించి సంతకం పెట్టించుకున్నారు, అది వాళ్ల దగ్గరే ఉంది. తోటికోడలేమో నాతో మాటలు మానేసింది. ఏం చేయాలి?

ఒంగోలు అన్న:
అమ్మా, నేనూ ఇలాంటి చోట ఐదేళ్లు ఉండి వచ్చాను. ఒక్కసారి వచ్చి సార్‌తో మాట్లాడి వెళ్లమంటారు, వెళ్లొద్దు. నేను వెళ్లాను, రెండు గంటలు కూర్చోబెట్టారు, ఇంకో లెవెల్‌కు డబ్బు కట్టి బయటికొచ్చాను. అమెరికాలో నెక్సియం అని ఇలాగే కోర్సులు నడిపే సంస్థ ఉండేది, లోపలి బృందంలో చేరే ఆడవాళ్ల దగ్గర రహస్యాలు, ఫొటోలు హామీగా తీసుకునేవాళ్లు, ఆ భయానికే చాలామంది నోరు మెదపలేదు. కొందరు ధైర్యం చేసి బయటపెట్టాక కేసు నడిచి, దాని నాయకుడు కీత్ రనీరీకి 2020లో 120 ఏళ్ల జైలు శిక్ష పడింది. మీ కాగితం వెనక్కిమ్మని వాట్సాప్‌లో ఒక్క మెసేజ్ పెట్టండి. బయటపెడతామని బెదిరించి డబ్బు లాగితే అది భారతీయ న్యాయ సంహిత (బీఎన్ఎస్) సెక్షన్ 308 కింద నేరం. వాళ్ల ఫోన్లు ఎత్తకండి, మెసేజ్‌లు మాత్రం చెరపకండి.

నెల్లూరు లాయర్:
డబ్బు సంగతి. కట్టి ఇంకా హాజరు కాని లెవెల్ ఏదైనా ఉందా? ఉంటే దాని మీద గట్టిగా అడగొచ్చు. జరిగిపోయిన క్లాసుల డబ్బు రాబట్టడం కష్టం, ఉన్నమాట చెబుతున్నాను. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్ల లోపు కేసు వేయాలి, కట్టిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు లేదు. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్‌ను ఇస్తారు, 15100కు ఫోన్ చేయండి.

కందుకూరు నుంచి:
మా తమ్ముడు ఇలాగే ఇరుక్కున్నాడు. ఇంట్లోవాళ్లు అడ్డుపడతారని అక్కడ ముందే చెప్పి పెట్టారు, నాన్న తిట్టినప్పుడల్లా వాడికి వాళ్ల మాటే నిజమనిపించేది. అమ్మ మాత్రం ప్రతి ఆదివారం చేపల పులుసు పంపేది, క్లాసుల ఊసే ఎత్తేది కాదు. విరక్తి పుట్టి వచ్చేసిన రోజు వాడు నేరుగా అమ్మ దగ్గరికే వెళ్లాడు. నిన్ను చేర్చింది నేనే, తప్పు చేశానని మీ తోటికోడలితో ఒక్కసారి చెప్పండి అక్కా, తర్వాత రాకపోకలు మాత్రం మానొద్దు. నిద్ర పట్టకపోతే 14416, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్‌కు చేయండి, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులేం తీసుకోరు.

కావలి టీచర్:
కాగితం అడుగుతూ మెసేజ్ పెట్టాను, బ్లూ టిక్ పడింది, జవాబు లేదు. నిన్న సాయంత్రం పిల్లల్ని తీసుకుని తోటికోడలి ఇంటికి వెళ్లాను. నా మొహం చూడలేదు గానీ పిల్లల్ని లోపలికి రమ్మని పాలు కలిపిచ్చింది. చెప్పాలనుకున్న మాట గుమ్మంలోనే చెప్పేశాను, ఏమీ అనలేదు. ఆ రొయ్యల రైతు నంబర్ కోసం అల్లూరులో తెలిసినవాళ్లను అడుగుతున్నాను. ఆయన గుంటను ఆయన చంపుకోలేదని ఎవరో ఒకరు ఆయనతో అనాలి కదా.