ముందు చక్రాల డ్రైవ్ కారు, క్వార్టర్ మైల్: బరువు ఎక్కడి నుంచి తీయాలి?

మూడోగేర్

కారు 1.6 లీటర్ పెట్రోల్, టర్బో లేదు, 121 హార్స్‌పవర్, మాన్యువల్, ముందు చక్రాల డ్రైవ్. ట్యాంకు నింపి, డ్రైవర్‌తో కలిపి కాటా పెడితే 1,210 కిలోలు. క్వార్టర్ మైల్‌కి, అంటే 402 మీటర్లకు, 16.3 సెకన్లు, గీత దాటేటప్పుడు స్పీడు గంటకు 134 కిలోమీటర్లు. మొదటి 60 అడుగులకే 2.45 సెకన్లు పోతోంది, లాంచ్‌లో, అంటే నిలబడ్డ చోటు నుంచి కదిలేటప్పుడు, టైర్లు పట్టు లేక ఉన్నచోటే తిరుగుతున్నాయి.

ఇంజన్ జోలికి పోకుండా, బరువు తగ్గించి 16 సెకన్ల లోపలికి రావాలి. స్టెప్నీ, వెనక సీటు సంగతి తెలుసు. ఆ తర్వాత ఏ వరసలో వెళ్ళాలి? బ్యాటరీ డిక్కీలోకి మార్చమని కొందరు, లైట్ ఫ్లైవీల్ (ఇంజన్‌కీ క్లచ్‌కీ మధ్య తిరిగే బరువైన చక్రం, తేలికది) వేయమని ఇంకొందరు అంటున్నారు. కారు డ్రాగ్ స్ట్రిప్‌కే (తిన్నటి రేసు ట్రాక్), రోడ్డు మీద తిప్పేది లేదు.

టార్క్‌రెంచ్_10

ముందు లెక్క చూసుకోండి. క్వార్టర్ మైల్ టైము సుమారుగా బరువు-పవర్ నిష్పత్తి ఘనమూలాన్ని బట్టి మారుతుంది. అంటే బరువు 3 శాతం తగ్గితే టైము ఒక శాతం తగ్గుతుంది. 1,210 నుంచి 1,120కి వస్తే బరువు ఏడున్నర శాతం తగ్గినట్టు, టైములో రెండున్నర శాతం, అంటే 0.4 సెకను. ఇది కాగితం మీద. స్ట్రిప్ మీద చాలామంది వాడే కొండగుర్తు 45 కిలోలకు 0.1 సెకను. మీకు ఈ రెండింటి మధ్య ఎక్కడో వస్తుంది. టైర్లు పట్టకపోతే తక్కువ అంకె, 0.2 దగ్గరే ఆగుతుంది.

అందుకే మీ కారులో ఎంత తీశామన్నదాని కంటే ఎక్కడి నుంచి తీశామన్నది ముఖ్యం. గరిమనాభి ఎత్తు 0.5 మీటరు, వీల్‌బేస్ 2.5 మీటర్లు, లాంచ్ త్వరణం 0.5 జీ (గురుత్వ త్వరణంలో సగం) అనుకోండి. బరువులో పదో వంతు, 120 కిలోలు, ముందు చక్రాల మీద నుంచి వెనక్కి పోతుంది. ముందు 750 ఉంటే లాగేటప్పుడు మిగిలేది 630. వెనక నుంచి తీసిన ప్రతి కిలో, ముందు పట్టు దాదాపు అలాగే ఉంచి, లాగాల్సిన బరువును తగ్గిస్తుంది. ముందు నుంచి తీస్తే పట్టు కూడా దాంతోపాటే పోతుంది. రెండో గేర్ పడ్డాక ఈ తేడా ఉండదు, ఎక్కడి కిలో అయినా ఒకటే.

కాబట్టి మీకు వరస వెనక నుంచి ముందుకు. స్టెప్నీ, జాకీ, పానాలు కలిపి 17 కిలోల దాకా. వెనక సీటు 18 నుంచి 25. డిక్కీ కార్పెట్, ట్రిమ్, పార్సెల్ ట్రే 6. పెట్రోల్ లీటరు సుమారు 0.74 కిలోలు, 40 లీటర్ల బదులు 12 ఉంచితే 21 కిలోలు, అదీ వెనక సీటు కింద నుంచి. అంతకంటే తగ్గించకండి. లాంచ్‌లో పెట్రోల్ ట్యాంకు వెనక గోడకు పోతే పంపు గాలి పీలుస్తుంది, ఫస్ట్ నుంచి సెకండ్‌కి మార్చేలోపు ఇంజన్ ఒక్క క్షణం చచ్చినట్టవుతుంది. చాలామంది దాన్ని క్లచ్ తప్పు అనుకుని తిప్పలు పడతారు.

బ్యాటరీ డిక్కీలోకి మార్చే సలహా వెనక చక్రాల డ్రైవ్ కార్లది. మీరు చేస్తే 14 కిలోలు ముందు యాక్సిల్ నుంచి తీసి వెనక పెట్టినట్టు, పైగా లావు కేబుల్ బరువు అదనం. ఉన్నచోటే ఉంచి 4 కిలోల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ వేయొచ్చు, కానీ ఆల్టర్నేటర్ 14.6 వోల్టులు దాటకుండా ఉందో లేదో ముందు కొలవండి.

షీట్‌మెటల్

పై వరసతో ఏకీభవిస్తాను. పనిలో తేడా కొట్టే చోట్లు చెప్తాను.

ముందు ప్యాసింజర్ సీటు 16-20 కిలోలు. సైడ్ ఎయిర్‌బ్యాగ్ ఉంటే కింద పసుపు కనెక్టర్ ఉంటుంది. బ్యాటరీ నెగటివ్ తీసి పది నిమిషాలు ఆగాకే దాన్ని విప్పండి. మల్టీమీటర్‌తో ఎయిర్‌బ్యాగ్ నిరోధం కొలవకండి, ఆ కాస్త కరెంటుకే పేలే ప్రమాదం ఉంది. సీటు తీశాక ఎయిర్‌బ్యాగ్ లైటు వెలుగుతుంది. కొన్ని కార్లలో ఆ లైటు వెలిగినంతసేపు డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ కూడా పనిచేయదు. వర్క్‌షాప్ మాన్యువల్‌లో ఇచ్చిన విలువ గల రెసిస్టర్ ఆ కనెక్టర్‌లో పెట్టి, ఫాల్ట్ కోడ్ క్లియర్ చేయాలి.

ఫ్లోర్ మీద చప్పుడు తగ్గించడానికి అతికించిన తారు షీట్లు చిన్న కారులో 6 నుంచి 10 కిలోలు. హీట్‌గన్‌తో గీకితే జిగురు మిగిలి ఒక రోజంతా తినేస్తుంది. డ్రై ఐస్ ముక్కలు పరిచి పది నిమిషాలు ఆగి, రబ్బరు సుత్తితో తడితే పెంకుల్లా లేచి వస్తుంది. మందం గ్లవ్స్ తప్పనిసరి, తలుపులన్నీ తెరిచి ఉంచండి: కార్బన్ డయాక్సైడ్ కారు అడుగున పేరుకుంటుంది, వంగి పనిచేసే మనిషికి అదే గాలి. ఎగ్జాస్ట్ టన్నెల్ మీది పొరను, ఫైర్‌వాల్ (ఇంజన్‌కీ క్యాబిన్‌కీ మధ్య గోడ) పొరను కదపకండి. బయటపడ్డ రేకుకు ప్రైమర్ కొట్టండి.

వెనక సీటు కింద పంపు మూత చాలా కార్లలో పల్చటి ప్లాస్టిక్. సీటు లేకపోతే పెట్రోల్‌కీ మీకూ మధ్య ఉన్నది అదే. రేకు ప్లేటు, సీల్ వేసి బిగించండి. ఫ్లోర్ గ్రోమెట్లు (రబ్బరు బిరడాలు) తీసిన ప్రతి కన్నం మూయండి.

ఏసీ మొత్తం 14 కిలోల దాకా వస్తుంది, కానీ అంతా ముందు బరువు. అది ఆఖరున. గ్యాస్ గాలిలోకి వదలకుండా మిషన్‌తో తీయించాలి, బెల్టు పొట్టిది కావాలి. పవర్ స్టీరింగ్ పంపు వదిలేయండి. తగ్గే బరువు కొద్దే, గీత దగ్గర స్టీరింగ్ బిగుసుకుంటే సరిదిద్దే టైము ఉండదు.

మూడోగేర్

అర్థమైంది, ముందు వెనక భాగమే ఖాళీ చేస్తాను. చక్రాలు, ఫ్లైవీల్ సంగతి? తలుపుల్లోని బీములు కూడా బరువే కదా, కోస్తే?

రేషియో_రాజు

చక్రం అంచున ఉన్న బరువు యాక్సిలరేషన్‌లో దాదాపు రెట్టింపు లెక్కకొస్తుంది. ఒక్కోటి 18 కిలోల 16 అంగుళాల చక్రాల నుంచి ఒక్కోటి 14 కిలోల 15 అంగుళాల చక్రాలకి వస్తే నాలుగింటికీ కలిపి 16 కిలోలు తగ్గినా, 25 తగ్గినట్టు లాగుతుంది. కొనే ముందు బ్రేకు కాలిపర్‌కి తగలదని చూసుకోండి. ఇంకోటి, టైరు మొత్తం వ్యాసం తగ్గితే గేరింగ్ పొట్టిదవుతుంది. 134 దగ్గర మీ మూడో గేర్ రెడ్‌లైన్‌కి (ఇంజన్ గరిష్ఠ ఆర్‌పీఎం) ఎంత దూరంలో ఉంది? అంచున ఉంటే చిన్న టైరుతో గీతకు పది మీటర్ల ముందు నాలుగో గేర్ వేయాల్సి వస్తుంది, బరువుతో సంపాదించినదంతా అక్కడే పోతుంది.

ఫ్లైవీల్ అంకెలు ఊరిస్తాయి. మొదటి గేర్, ఫైనల్ డ్రైవ్ (గేర్‌బాక్స్ చివరి పళ్ళ జత) నిష్పత్తులను గుణిస్తే 14.4 అయితే, ఫ్లైవీల్‌లో 10 సెంటీమీటర్ల వ్యాసార్ధం దగ్గర తీసిన 3 కిలోలు మొదటి గేర్లో సుమారు 70 కిలోలు తీసినట్టు. కానీ మీ మొదటి గేర్ ఇప్పటికే టైర్లు తిప్పేస్తోంది, ఆ లాభం వాడుకునే పట్టు లేదు. మూడో గేర్‌కొచ్చేసరికి అదే 3 కిలోలు 10 కిలోల సమానం కూడా కాదు. పైగా తేలిక ఫ్లైవీల్‌లో నిల్వ ఉండే శక్తి తక్కువ, క్లచ్ వదలగానే ఆర్‌పీఎం పడిపోతుంది. క్లచ్ మార్చే రోజు వరకూ ఆగండి. అప్పుడు కూడా పాత పోత ఇనుము ఫ్లైవీల్‌ని లేత్ మీద పల్చగా చేయించొద్దు, అది హై ఆర్‌పీఎంలో పగిలితే బెల్ హౌసింగ్‌ని (దాని చుట్టూ ఉండే తొడుగు) చీల్చుకుని బయటికొస్తుంది. స్టీలుదే కొనండి.

షీట్‌మెటల్

తలుపు బీములు, బంపర్ వెనక బీము కోయొద్దు. పక్క లేన్ కారు తగిలితే ఆపేవి అవే. అమెరికాలో డ్రాగ్ రేసింగ్ సంస్థ ఎన్‌హెచ్‌ఆర్‌ఏ సాధారణంగా 11.49 సెకన్లు, అంతకంటే తక్కువ టైము కార్లకే రోల్ బార్ (డ్రైవర్ వెనక రక్షణ గొట్టం) అడుగుతుంది. 16 సెకన్ల కారులో రోల్ బార్ ఉండదు, అంటే మీకు కంపెనీ బాడీయే రక్షణ. వెనక తలుపుల అద్దాలు అదే మందం పాలికార్బొనేట్‌తో (గట్టి పారదర్శక ప్లాస్టిక్) మారిస్తే సగం బరువు మిగులుతుంది. బోల్టు కంటే కన్నం 2 మిల్లీమీటర్లు పెద్దది వేయండి, లేకపోతే ఎండకు వ్యాకోచించి కన్నాల దగ్గర చీలుతుంది. విండ్‌షీల్డ్ మార్చొద్దు.

వెనక 60 కిలోలు పోయాక బ్రేకు ప్రవర్తన మారుతుంది. తేలికైన వెనక చక్రాలు ముందే లాక్ అయి తోక పక్కకు తిరగొచ్చు, కాబట్టి ఏబీఎస్ సెన్సర్లు, వైరింగ్ తీసేయకండి. తొలి పరుగు ముందు ఖాళీ చోట 60, 80, 100 నుంచి ఆపి చూడండి. తర్వాత కాటా మీద ముందు యాక్సిల్, వెనక యాక్సిల్ విడివిడిగా తూచి రాసుకోండి. లారీ కాటా 10 లేదా 20 కిలోల మెట్లలోనే చూపిస్తుంది, అందుకని తీసిన ప్రతి భాగాన్నీ వేలాడే త్రాసు మీద విడిగా తూచి ఆ కాగితంలోనే కలపండి.