తురోన్ నూనెలో విచ్చుకుంటోంది, బీకో పలుకుగా ఉంటోంది: తెలిసినవారు చెప్పగలరా?

ప్రశ్న (దవావో నుంచి)

అందరికీ నమస్కారం. ఫిలిప్పీన్స్‌లోని దవావోలో వైద్యవిద్య చదువుతున్నాను. నలుగురు తెలుగమ్మాయిలం కలిసి ఇల్లు అద్దెకు తీసుకున్నాం. మధ్యాహ్నం మూడు దాటిందంటే ఇక్కడివాళ్లు మెర్యెండా అంటూ ఏదో ఒకటి తినందే కదలరు. ఆ అలవాటు మాకూ అంటింది. వచ్చే శనివారం ఇంటి యజమానురాలినీ ఆవిడ పిల్లలనూ పిలిచి తురోన్ (రేకులో చుట్టి వేయించిన అరటిపండు), బీకో (జిగురు బియ్యం, కొబ్బరిపాలతో చేసే తీపి), సాగోత్ గులమన్ (సగ్గుబియ్యం, గులమన్ అనే జెల్లీ ముక్కలు వేసిన తీపి పానీయం) మేమే చేసిపెట్టాలని అనుకున్నాం. ముందుగా చేసి చూస్తే తురోన్ నూనెలో విచ్చుకుంటోంది, పైన చక్కెర పాకం పట్టడం లేదు. బీకోలో బియ్యం ఎంతసేపు ఉడికించినా పలుకుగానే ఉంటోంది. సగ్గుబియ్యం మధ్యలో తెల్లచుక్క పోవడం లేదు. ఇంకొక మాట, మాలో ఒకమ్మాయి మాంసం, గుడ్డు రెండూ తినదు. గులమన్ ఆమె తాగవచ్చా?

జవాబు (సెబూ నుంచి)

అమ్మాయీ, ముందు అరటిపండు సంగతి. సబా అనే వంట అరటినే తీసుకోండి, మామూలుగా తినే లకతాన్ వద్దు, నూనెలో పడగానే జావైపోతుంది. సబా తొక్క పసుపు రంగుకు తిరిగి అక్కడక్కడ నల్లమచ్చలు రావాలి, పండు మాత్రం గట్టిగా ఉండాలి. పచ్చిది వేస్తే వగరు, మరీ మగ్గింది వేస్తే నీరు ఊరి లంప్యా రేకు, అదే పైన చుట్టే పలుచటి పిండి రేకు, చిరుగుతుంది. మీ తురోన్ విచ్చుకోవడానికి సగం కారణం ఆ నీరే అయి ఉంటుంది.

పండును నిలువుగా రెండు చీలికలు చేసి, గోధుమరంగు చక్కెరలో దొర్లించి, పక్కన లంగ్కా, అదే మన పనసతొన, సన్నగా చీల్చి పెట్టండి. రేకు బిగుతుగా చుట్టి, అంచుకు నీళ్లు కాకుండా పలుచటి మైదా జిగురు రాయండి. అతుకు ఉన్న వైపు కిందికి పెట్టి కాసేపు ఆగాక వేయించండి.

పాకం పట్టాలంటే చక్కెరను నూనెలోనే వేయాలి. మనవాళ్లు చాలామంది ఇక్కడే తడబడతారు, వేయించాక పైన చల్లుతారు. నూనె మధ్యస్థంగా కాగాక రెండు మూడు చెంచాల గోధుమరంగు చక్కెర చల్లండి. అది కరిగి నురగలా పైకి తేలుతుంది. అప్పుడు తురోన్ వేసి ఆ పాకంలోనే తిప్పుతూ ఉండాలి. మంట పెద్దదైతే క్షణాల్లో మాడి చేదెక్కుతుంది. తీశాక కాగితం మీద పెట్టవద్దు, ఊడిరాదు. జాలీ మీదో చిల్లుల పళ్లెంలోనో విడివిడిగా ఆరబెట్టండి. ఆ నూనె మళ్లీ గారెలకో పూరీలకో పనికిరాదు కాబట్టి కొద్దిగానే పోసుకోండి.

జవాబు (మనీలా నుంచి)

సెబూ అక్కగారు తురోన్ సంగతి చక్కగా చెప్పారు. నేను బీకో చూస్తాను.

బియ్యం, కొబ్బరిపాలు, చక్కెర మూడూ ఒకేసారి గిన్నెలో వేస్తున్నారని నా అనుమానం. పరమాన్నంలో బెల్లం ఎప్పుడు వేస్తాం? అన్నం మెత్తబడ్డాకే కదా. ఇదీ అంతే. చక్కెర నీటిని పట్టేసుకుంటుంది, బియ్యం ఇక మెత్తబడదు.

మలగ్‌కిట్, అంటే జిగురు బియ్యం, రెండు కప్పులు కడిగి కొంతసేపు నానబెట్టి, రెండు కప్పుల నీళ్లతోనే విడిగా వండండి. మామూలు బియ్యానికి పోసినన్ని పోస్తే ముద్దవుతుంది. వేరే మూకుడులో రెండు కప్పుల కొబ్బరిపాలు, ఒకటిన్నర కప్పు గోధుమరంగు చక్కెర, చిటికెడు ఉప్పు వేసి చిక్కబడేదాకా మరిగించాలి. అప్పుడు అన్నం వేసి, గరిటె బరువెక్కి ముద్ద మూకుడు అంచు వదిలేదాకా కలుపుతూనే ఉండాలి. చేతులు నొప్పి పుడతాయి, నలుగురున్నారుగా, వంతులు వేసుకోండి.

పైన లాతిక్ వేస్తేనే నిండుదనం. కొబ్బరి తురుముకు నీళ్లు కలపకుండా పిండిన మొదటి చిక్కటి పాలను సన్నటి సెగ మీద ఉంచితే నూనె విడిపోయి, అడుగున చిన్న పలుకులు గోధుమరంగుకు వస్తాయి. ఆ నూనె పళ్లానికి రాసి, పలుకులు పైన చల్లండి. డబ్బా కొబ్బరిపాలలో కొన్నిటికి విరగకుండా ఏవేవో కలుపుతారు, వాటితో లాతిక్ సరిగా రాదు. దవావోలో తాజా కొబ్బరికి కొరతేముంది! బంకెరోహన్ మార్కెట్‌కు వెళ్లండి. జిగురు బియ్యాన్ని మీ వైపు పిలిట్ అని అడగాలి.

జవాబు (దవావోలో చదివి, ఇప్పుడు విజయవాడలో)

బంకెరోహన్ పేరు వినగానే నోరూరింది. తెల్లవారుజామున వెళ్తే అక్కడే పుతో మాయా తిని రండి. పిలిట్ బియ్యాన్ని ఆవిరి మీద ఉడికించి, కొబ్బరిపాలు, అల్లం, ఉప్పు కలిపి మళ్లీ ఆవిరి పడతారు. పక్కన సిక్వాతే, అంటే తబ్లేయా అనే కోకో బిళ్లలను వేడినీళ్లలో చిలికిన చాక్లెట్. మామిడి దొరికే రోజుల్లో ఒక ముక్క జత చేస్తారు. దవావో నగరాన్ని చాక్లెట్ రాజధానిగా ప్రకటిస్తూ 2021లో చట్టమే చేశారు, ఆ ఊళ్లో ఉండి పొడి చాక్లెట్ పాలు తాగడం అన్యాయం. మీ స్నేహితురాలికి నా సలహా ఇదే: తురోన్, బీకో ఎలా కుదిరినా పుతో మాయాతో ఆమె కడుపు నిండుతుంది, అందులో గుడ్డూ లేదు, మాంసమూ లేదు.

గులమన్ సముద్రపు నాచుతో చేసేది, నిశ్చింతగా తాగవచ్చు. మనవైపు చైనా గ్రాస్ అని అమ్ముతారు. పొట్లం మీద జెలటిన్ అని ఉంటే మాత్రం వద్దు, అది జంతువుల ఎముకలు, చర్మాల నుంచి తీస్తారు. పోల్చుకోవడానికి ఒక గుర్తు: గులమన్ బయటే గడ్డకట్టి ఎండలో కూడా ముక్కగానే ఉంటుంది, జెలటిన్‌కు ఫ్రిజ్ కావాలి.

మిగతావి కూడా చెబుతాను. సుమన్ (ఆకులో చుట్టి ఉడికించిన జిగురు బియ్యం), పలితావ్ (కొబ్బరి అద్దిన జిగురు బియ్యప్పిండి బిళ్లలు), కుచింతా (ఆవిరి మీద చేసే సాగే తీపి బిళ్లలు), తహో (పాకం పోసిన మెత్తటి సోయా పెరుగు) సాధారణంగా గుడ్డు లేనివే. బియ్యప్పిండి కేకు బిబింగ్కాలో గుడ్డు ఉంటుంది, పైన ఉప్పుగుడ్డు కూడా పెడతారు. లేచే ఫ్లాన్ అంటే గుడ్డు సొనలే. లోపల పూర్ణం పెట్టిన హోప్యా కొనేటప్పుడు అడగండి, పంది కొవ్వుతో చేసేవి ఉన్నాయి. లంప్యా రేకుల్లో కూడా కొన్నిటిలో గుడ్డు కలుపుతారు, పొట్లం తిప్పి చదవండి.

జవాబు (సెబూ నుంచి)

సగ్గుబియ్యం ఎవరూ పట్టించుకోలేదే! పెద్ద గింజలను నానబెట్టవద్దు, చన్నీళ్లలోనూ వేయవద్దు, పిండైపోతాయి. నీళ్లు బాగా మరిగాకే వేయండి, గింజలకు ఏడెనిమిది రెట్లు నీళ్లుండాలి. అరగంట ఉడికించి, పొయ్యి ఆపి, మూతపెట్టి మరో అరగంట వదిలేయండి. చుక్క ఇంకా కనిపిస్తే కొత్త నీళ్లలో మళ్లీ మరిగించండి. తర్వాత చన్నీళ్లతో కడిగి పాకంలో వేసి ఉంచితే అతుక్కోవు. ఫ్రిజ్‌లో పెడితే మాత్రం గట్టిపడతాయి, ఏ రోజుకారోజు చేసుకోవాల్సిందే.

అర్నిబల్, అంటే ఆ పాకం: రెండు కప్పుల గోధుమరంగు చక్కెరకు ఒక కప్పు నీళ్లు, ముడివేసిన ఒక పాందన్ అనే సువాసన ఆకు. తీగపాకం రానివ్వకండి, కరిగి కాస్త జిగురొస్తే చాలు. ఎక్కువే చేసి సీసాలో పోసుకోండి. సాగోత్ గులమన్‌కు అదే, పొద్దున్న కావడితో వచ్చే తహో అబ్బాయి దగ్గర చప్పటి తహో తీసుకున్నా అదే, కలమన్సీ, అంటే ఇక్కడి చిన్న నిమ్మ, రసంలోకీ అదే. కలమన్సీ మాత్రం గింజలు నలగకుండా పిండండి, చేదొస్తుంది.

జవాబు (హైదరాబాద్ నుంచి)

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. మా అబ్బాయి అక్కడే చదివి వచ్చాడు, సెలవు రోజున ఇవే కావాలంటాడు. ఇక్కడ సబా, జిగురు బియ్యం దొరకవు. ఏం చేయాలి?

జవాబు (విజయవాడ నుంచి)

సబాకు బదులు పండిన బొంత అరటి వాడండి. చక్కెరకేళి వద్దు, మెత్తబడుతుంది. జిగురు బియ్యానికి అస్సాం బోరా బియ్యం తెప్పించుకోండి, ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. మణిపూర్ నల్లబియ్యం కూడా జిగురుదే, బీకో నేరేడు రంగులో వస్తుంది, నాకైతే అదే ఇష్టం. సోనా మసూరితో ప్రయత్నించకండి, కొబ్బరి పొంగలి అవుతుంది కానీ బీకో కాదు. గోధుమరంగు చక్కెర లేకపోతే బెల్లం పొడి వాడవచ్చు, తురోన్‌కు మాత్రం వద్దు, నూనెలో త్వరగా మాడిపోతుంది.

అడిగినవారు (దవావో నుంచి)

అందరికీ ధన్యవాదాలు. చక్కెర నూనెలో వేశాక తురోన్ గలగలలాడుతూ వచ్చింది. ఇంకొక్క సందేహం. కుచింతాకు లిహియా నీళ్లు కావాలట, సీసా మీద హెచ్చరిక చూసి భయపడ్డాం. వేయకుండా చేయవచ్చా?

జవాబు (మనీలా నుంచి)

వేయకపోతే ఆ సాగుడు రాదు. అది ఘాటైన క్షారం, చేతికి తగలనివ్వకండి, పిల్లలకు అందనివ్వకండి. మూడు కప్పుల నీళ్లతో కలిపిన పిండికి ఒక చిన్న చెంచా మించితే సబ్బు రుచి వస్తుంది. శనివారానికైతే వద్దు, ఉన్న మూడూ చాలు. పైగా తురోన్ వేయించేటప్పుడు మీ యజమానురాలు వంటింట్లోకి వచ్చి గరిటె లాక్కుంటారు, చూస్తూ ఉండండి. లాక్కోనివ్వండి, ఆవిడ చేయి తిప్పే తీరు చూడవచ్చు.