పాత కార్ల సైట్‌: మొబైల్‌లో బడ్జెట్ స్లైడర్ ఉంచాలా, తీసేయాలా?

సెకండ్ హ్యాండ్ కార్ల సైట్‌కి మొబైల్ డిజైన్ మారుస్తున్నాం. కొనేవాళ్లు ఎక్కువగా తెలంగాణ, ఆంధ్ర వాళ్లే. చిక్కంతా ఫిల్టర్ల దగ్గరే.

బడ్జెట్‌కి రెండు కొసలూ జరిపే స్లైడర్ ఉంది, 50 వేల నుంచి 50 లక్షల దాకా. 360 పిక్సెళ్ల వెడల్పున్న ఫోన్‌లో గీతకి 320 పిక్సెళ్లే మిగులుతాయి, అంటే ఒక్కో పిక్సెల్‌కి దాదాపు 15 వేలు. నాలుగున్నర లక్షల దగ్గర ఆపుదామంటే వేలు కాస్త కదిలితే చాలు, 4.8కి పోతుంది. "3 లక్షల లోపు", "3–5 లక్షలు" అని 48 పిక్సెళ్ల ఎత్తు బటన్లు పెట్టి, కింద అంకెలు కొట్టే గడి ఇద్దామనుకుంటున్నాం. తక్కువ ధరల దగ్గర గీత మీద ఎక్కువ చోటిచ్చే లాగరిథమిక్ స్లైడర్ వాడి చూసినవాళ్లున్నారా? జనానికి అర్థమైందా?

రెండోది రిజిస్ట్రేషన్. టీఎస్‌ని, 2024 మార్చి నుంచి వచ్చిన టీజీని ఒకే రాష్ట్రం కింద కలపడం తేలికే. ఏపీలో 2019 నుంచి రాష్ట్రమంతటికీ ఏపీ 39 ఇచ్చారు కాబట్టి నంబరు చూసి జిల్లా పట్టలేం, ఊరు విడిగా అడగాల్సిందే. బెజవాడ బండిని హైదరాబాద్‌కి మార్చుకోవాలంటే ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం), లైఫ్ ట్యాక్స్ బెడద. ఆ మాట జాబితాలో ఒక్కో కారుకీ ఉండే కార్డు మీద ధర కిందే చూపాలా, లోపలి పేజీలోనా? ఇప్పటికే మోడల్, ఏడాది, కిలోమీటర్లు, ఇంధనం, ఎన్నో ఓనరు అన్నీ అక్కడే ఉన్నాయి. ఇంకోటి చేరిస్తే ఫోటో కుదించాలి, అది మాత్రం నాకు సుతరామూ ఇష్టం లేదు.

బ్యాక్ నొక్కితే ఫిల్టర్లు చెరిగిపోయేవి, యూఆర్‌ఎల్‌లో (పేజీ అడ్రసులో) పెట్టాక నిలుస్తున్నాయి. జాబితా మాత్రం మళ్లీ పైకి పోతోంది. ఒక్కో విడతలో 20 కార్లు లోడవుతాయి, లోడయ్యేటప్పుడు పేజీ ఎగరకుండా ఫోటోలకి వెడల్పు, ఎత్తు ముందే ఇచ్చాం. కిందికి జరిపేకొద్దీ జరిగే ఆటోమేటిక్ లోడింగ్ తీసేసి "మరిన్ని చూపు" బటన్ పెట్టడమే మార్గమా?