మన గ్రంథాలయానికి వస్తున్న చారిత్రక నవలాకారుణ్ణి ఏమి అడగాలి?

నీలగిరి పాఠకుడు:

అందరికీ నమస్కారం. వచ్చే ఆదివారం సాయంత్రం నల్లగొండలో, మేము రోజూ పత్రికలు చదువుకునే గ్రంథాలయంలో, ఒక చారిత్రక నవలాకారుడితో పాఠకుల ముఖాముఖి ఏర్పాటైంది. ఆయన కొత్త నవల రుద్రమదేవి చివరి రోజుల్లో, పానగల్లు, పిల్లలమర్రి ప్రాంతాల్లో నడుస్తుంది. తెలుగు ఉపాధ్యాయుడిగా పదవీ విరమణ చేశానన్న ఒక్క కారణంతో సంభాషణ నడిపే బాధ్యత నామీద పెట్టారు.

నవలను రెండుసార్లు చదివాను, మొదటిసారి కథ కోసం, రెండోసారి చేతిలో పెన్సిలుతో. చిక్కంతా రెండోసారే వచ్చింది. ఏది శాసనంలో ఉన్న మాటో, ఏది రచయిత కల్పించినదో పుస్తకంలో ఎక్కడా తెలియదు. అట్లా తెలియకపోవడమే నవలకు అందమని మా మిత్రుడొకరు వాదిస్తున్నారు. కాని సభకు ఇంటర్మీడియట్ చదివే పిల్లలు చాలామంది వస్తారు, వాళ్లు దానినే చరిత్ర అనుకుని ఇంటికి వెళ్తారేమోనని నా బెంగ. అట్లాగని ‘ఇది నిజమా, అది నిజమా’ అని వరుసగా అడుగుతూ పోతే అది ముఖాముఖి కాదు, కోర్టులో సాక్షిని నిలదీసినట్లు ఉంటుంది. అతిథిని నొప్పించకుండా, విషయాన్ని వదిలిపెట్టకుండా ఎట్లా అడగాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

శాసనాల పిచ్చి:

మాస్టారు గారూ, చందుపట్ల దగ్గర మొదలుపెట్టండి. మీకు దగ్గరే, నకిరేకల్ పక్కన. రుద్రమదేవి ఎప్పుడు మరణించిందో చెప్పడానికి మనకున్న గట్టి ఆధారం ఆ ఊరి శాసనమే. అది శక సంవత్సరం 1211 నాటిది, 78 కలిపితే 1289 వస్తుంది, మాసం మార్గశిరం కాబట్టి మన లెక్కలో నవంబరు. దానిని వెలుగులోకి తెచ్చినవారు మన జిల్లా శాసనాల కోసం ఊరూరా తిరిగిన బి.ఎన్. శాస్త్రి గారు.

అంత ముఖ్యమైన శాసనం చెప్పేది ఎంత తక్కువో చూడండి. కాకతి రుద్రమదేవీ, సేనాని మల్లికార్జున నాయకుడూ శివలోకానికి వెళ్లారనీ, వారి పుణ్యం కోసం పువ్వుల ముమ్మడి అనే ఆయన ఆ ఊరి దేవుడికి భూమి ఇచ్చాడనీ ఉంది. ఎక్కడ చనిపోయారో, ఎవరి చేతిలో చనిపోయారో లేదు. పాలకురాలూ సేనానీ ఒకేసారి పోయారంటే అది యుద్ధంలోనే అయి ఉంటుందనీ, ఆ యుద్ధం అప్పటికే తిరగబడి ఉన్న కాయస్థ సామంతుడు అంబదేవుడితో అయి ఉంటుందనీ చరిత్రకారులు తర్కించారు. బలమైన తర్కమే, నేనూ ఒప్పుకుంటాను. అయినా అది రాతిమీద ఉన్న మాట కాదు. కనుక ‘అంబదేవుడి ఘట్టం నిజమా’ అని అడగకండి. ‘శాసనం ఆగిపోయిన చోటు నుంచి మీరు ఎట్లా ముందుకు నడిచారు, ఏ దారులు వదిలేశారు’ అని అడగండి. పనిలో పనిగా ఆ శాసనపాఠాన్ని పెద్ద అక్షరాలతో రాసి గోడకు అంటిస్తే పిల్లలు కళ్లారా చూస్తారు, రాయి ఎంత చెప్పిందో వారికే తెలుస్తుంది.

పాలమూరు చదువరి:

పై సలహా మంచిదే, కాని శాసనాన్ని గీటురాయిగా పెట్టి నవలను కొలవడంలో నాకు కొంత అభ్యంతరం ఉంది. రాయి దానం చేసినవాడి మాటే చెబుతుంది. పానగల్లు ఉదయసముద్రం చెరువు కందూరు చోడుల పేరుమీద నిలిచింది, ఆ కట్టకు మట్టి మోసినవాళ్ల పేర్లు ఏ రాతిమీదా లేవు. వాళ్లను గురించి రాయగలిగేది నవలాకారుడొక్కడే, అక్కడ ఆయనను ఆధారం చూపించమనడం న్యాయం కాదు.

మా వైపు ఉదాహరణ చెబుతాను. అడివి బాపిరాజు గారి ‘గోన గన్నారెడ్డి’ చదివిన తర్వాతనే మా పాలమూరులో చాలామందికి వర్ధమానపురం పేరు తెలిసింది. బిజినేపల్లి మండలంలోని నంది వడ్డెమానే ఆ వర్ధమానపురమని, శనీశ్వరుడికి తైలాభిషేకం చేయించడానికి వెళ్లేవారిలో ఎందరికి తెలుసు? నవలలో గన్నారెడ్డి గజదొంగ. 1294 నాటి రాయచూరు కోట శాసనంలో మాత్రం ఆయన సేనాని విట్ఠలనాథుడు కోట కట్టించినట్లు ఉంది, అంటే గన్నారెడ్డి ఒక ప్రాంతాన్ని ఏలిన సామంతుడు. బాపిరాజు గారు అబద్ధం చెప్పారని నేను అనను. సామంతుణ్ణి దొంగగా మార్చడం వల్ల కథకు ఏమి కలిసివచ్చిందన్నదే అడగదగిన ప్రశ్న, మీ అతిథినీ ఏదో ఒక పాత్రను పట్టుకుని ఇదే అడగవచ్చు.

ఇంకొకటి, భాష. కాకతీయుల నాటి నల్లగొండ రైతు నవలలో ఎవరి తెలుగు మాట్లాడుతున్నాడు? మన చారిత్రక నవలల్లో కోటలోని పాత్రలు గ్రాంథికమో, కృష్ణా తీరపు తెలుగో మాట్లాడటం, హాస్యం కావలసివచ్చినప్పుడు మాత్రమే మన యాస వినిపించడం నాకు ఎప్పుడూ ముల్లులా గుచ్చుకుంటుంది.

దేవరకొండ రైతు:

మీ చర్చ రాజుల దగ్గరే తిరుగుతున్నది, నేను పొలం దగ్గరికి వస్తాను. ఆ నవల నేనూ చదివాను. అందులో ఒక సైనికుడు గుట్టమీద సీతాఫలాలు తింటాడు. మా దేవరకొండ గుట్టల నిండా అవే కాబట్టి అనాదిగా ఉన్నాయనే అనిపిస్తుంది గాని, ఆ చెట్టు అమెరికా ఖండానిది, పోర్చుగీసువారి ఓడల్లో వచ్చిందని వృక్షశాస్త్రం చెబుతుంది. వాస్కో డ గామా కాలికట్‌లో దిగింది 1498లో, ఓరుగల్లు పడిపోయింది 1323లో. మిరపకాయ, పల్లికాయ, మక్కజొన్న, జామ, బొప్పాయి అన్నీ ఆ తర్వాతవే. అప్పటి కూరలో కారమంటే మిరియాలే. చివరికి కట్ట పొడవునా కనిపించే సర్కారు తుమ్మ కూడా ఇటీవలి చుట్టమే, దాని పేరే చెబుతున్నది. గుట్టమీద సైనికుడికి రేగు, తునికి, మొర్రి పండ్లు ఇస్తే సరిపోయేది.

అట్లాగే ఉదయసముద్రం. ఇవాళ మనం చూసే నిండు నీరు ప్రాజెక్టు కాలువలో వచ్చే కృష్ణ నీరు. అప్పటి చెరువు వాననీటి మీదే ఆధారపడింది, వాన లేని ఏడు అడుగు కనిపించి ఉంటుంది. నవలలో మండు వేసవిలో కూడా అలలు కొట్టడం చూసి నవ్వుకున్నాను.

పుస్తకాల బీరువా:

గ్రంథాలయంలో పనిచేసినవాడిగా నాలుగు మాటలు. ప్రశ్నలు ఎంత బాగున్నా సభ నడిచే తీరు బాగుండకపోతే వృథా. ఒక ఊళ్లో జరిగిన ఇటువంటి సభలో వేదికమీద పదకొండు మంది కూర్చున్నారు, శాలువాలూ పరిచయాలూ గంటన్నర సాగాయి, రచయితకు మిగిలింది పావుగంట. కనుక వేదికమీద రెండు కుర్చీలే వేయండి. మొదట రచయిత చేత రెండు పేజీలు చదివించండి, లేకపోతే పుస్తకం చదవని సగం మంది దిక్కులు చూస్తారు. ప్రశ్నలు చీటీలమీద రాయించి తీసుకుంటే వెనుక బెంచీ ఆడపిల్లలు కూడా అడుగుతారు. 1918లోనే షబ్నవీసు వెంకట రామ నరసింహారావు గారు గ్రంథాలయం పెట్టి, 1922లో నీలగిరి పత్రిక నడిపిన ఊరు మీది, శ్రోతలకు కొరత ఉండదు.

నీలగిరి పాఠకుడు:

ఆదివారం సభ జరిగింది, కుర్చీలు చాలక కొందరు నిలబడ్డారు. చందుపట్ల పాఠం గోడకు పెట్టాము. ఆ యుద్ధఘట్టాన్ని మొదట మూడు రకాలుగా రాశాననీ, ఒకదానిలో రుద్రమదేవి జబ్బుపడి గుడారంలోనే కన్నుమూస్తుందనీ, ప్రచురణకర్త ఒప్పుకోలేదని కాక తనకే ధైర్యం చాలక దానిని వదిలేశాననీ రచయిత చెప్పినప్పుడు హాలంతా నిశ్శబ్దమైంది. నాకు ఆ వదిలేసిన అధ్యాయమే చదవాలని ఉంది. భాష గురించి ఆయన జవాబు దాటవేతగా అనిపించింది. శాసనాల తెలుగు ఎవరికీ అర్థం కాదన్నారు గాని, మన యాస ఎందుకు వద్దో చెప్పలేదు.

సీతాఫలం సంగతి అడిగితే తల పట్టుకుని నవ్వారు, మరుముద్రణలో తునికిపండ్లు పెడతానన్నారు. దేవరకొండ రైతు గారి మాట అది. చీటీల్లో ఒక అమ్మాయి ‘పువ్వుల ముమ్మడి ఎవరు, ఆయనకెందుకు అంత బాధ’ అని రాసింది. దానికి రచయిత, ఆ ప్రశ్న తనకు తట్టనే లేదని ఒప్పుకుని, చీటీ జేబులో పెట్టుకుని వెళ్లారు.

వచ్చే నెల రెండో ఆదివారం చందుపట్ల వెళ్దామని పద్నాలుగు మంది పేర్లు ఇచ్చారు. నకిరేకల్ దాకా బస్సు, అక్కడి నుంచి ఆటోలు. శాసనాల పిచ్చి గారూ, మీరు వస్తే చదివి వినిపించేవారు ఉంటారు. వీలవుతుందేమో చెప్పండి.