అప్‌డేట్: డీఏపీ వేసినా మొక్కజొన్న ఊదారంగుకు తిరగడం – కారణం దొరికింది

పర్లాకిమిడి దగ్గర మా వాలు చేనులో డీఏపీ (భాస్వరం, నత్రజని ఇచ్చే ఎరువు) వేసినా మొక్కజొన్న ఆకులు భాస్వరం అందనట్టు ఊదారంగుకు తిరుగుతున్నాయని, వానకి పైమట్టి కొట్టుకుపోతోందని ఖరీఫ్‌లో ఇక్కడ అడిగాను. సలహాలిచ్చిన అన్నలందరికీ కృతజ్ఞతలు.

మట్టి పరీక్ష చేయించమన్న సలహాయే పనిచేసింది. గట్ల పక్కన, చెట్ల కింద, పెంట కుప్ప దగ్గర వదిలేసి, చేనంతా తిరిగి చాలాచోట్ల 15 సెం.మీ. లోతు మట్టి తీసి, కలిపి, అరకిలో ఇచ్చాను. పీహెచ్ 5.1 వచ్చింది. కృషి విజ్ఞాన కేంద్రం సారు చెప్పిందేమంటే, ఇంత ఆమ్ల నేలలో భాస్వరాన్ని ఇనుము, అల్యూమినియం పట్టేసుకుంటాయి. ఎంత డీఏపీ వేసినా మొక్కకు సరిగా అందదు. మా వైపు ఎర్ర నేలల్లో ఇది మామూలేనట.

ఆ ఆమ్లగుణం తగ్గడానికి రిపోర్టు ప్రకారం విత్తే ముందు సున్నం వేసి దున్నాం. కాగితం మిల్లు సున్నపు మడ్డి దొరికితే అదీ పనికొస్తుంది, ఖర్చు తక్కువ. సున్నం, యూరియా మాత్రం ఒకేసారి వేయకండి, నత్రజని అమ్మోనియాగా గాలిలోకి పోతుంది. ఈసారి పైరు పచ్చగా లేచింది, నాకైతే పెద్ద టెన్షన్ తీరింది.

జింకు లోపమా, బోరు నీళ్ల వల్లా అని అనుమానం రావచ్చు. జింకు లోపం కాదు, రిపోర్టులో సరిపడా ఉంది. బోరు నీళ్లకూ దీనికీ సంబంధం లేదు.

మట్టి కోతకు వాలుకు అడ్డంగా దున్ని, గట్ల మీద వట్టివేరు గడ్డి నాటాం. కింది మడిలోకి వచ్చే నీళ్లలో ఎర్రదనం తగ్గింది. గడ్డి ఇంకా పూర్తిగా అల్లుకోలేదు, మొదటి ఏడాది గండ్లు పడితే వెంటనే పూడ్చుకోవాలి.