అప్‌డేట్: రూమ్మేట్ వదిలేసిన బాల్ పైథాన్ తింటోంది

డాలస్‌లో నా రూమ్మేట్ ఖాళీ చేస్తూ వదిలేసిన బాల్ పైథాన్ (ఇళ్లలో పెంచుకునే ఒక రకం కొండచిలువ) గురించి ఇక్కడ అడిగాను కదా: వెన్నెముక తేలిపోయి, కుబుసం ముక్కలుగా అతుక్కుని, కళ్ల మీద తెల్లటి పొర, ఎలుక పెడితే మొహం తిప్పేసుకోవడం. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

పాములు చూసే వెట్‌కి చూపించాను. ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్ అన్నారు. నోటి చివర బుడగలు అందుకేనట. మూడు రోజులకోసారి సెఫ్టాజిడిమ్ అనే యాంటీబయాటిక్ ఇంజెక్షన్ ఇచ్చాం.

కుబుసం గొడవకి మాత్రం మూలం పొడి గాలి. పాము ఉండే ట్యాంకు మెష్ మూతని చాలావరకు కప్పి, కింద కొబ్బరి పొట్టు పరిచి, తడి నాచు వేసిన డబ్బా లోపల పెట్టమన్నవాళ్ల మాటే పనిచేసింది. తేమ 60-70 శాతం, వెచ్చని వైపు 90 ఫారెన్‌హీట్ దగ్గర నిలబడ్డాక, తర్వాతి కుబుసం మేజోడు విప్పినట్టు ఒకే ముక్కగా వచ్చింది. కంటి పొరలూ దాంతోనే పోయాయి. వాటిని పట్టకారుతో పీకే పని మాత్రం ఎవరూ చేయకండి, కన్నే దెబ్బతింటుంది.

మైట్స్ (పాము ఒంటి మీద పట్టే చిన్న పురుగులు) లేవు, కాబట్టి వాటి మందు అక్కర్లేకపోయింది. బలవంతంగా తినిపించాల్సిన అవసరమూ రాలేదు. ఫ్రోజెన్ ఎలుకని కరిగించి, వెచ్చచేసి, రాత్రి లైట్లార్పి పెడితే లటుక్కున పట్టేసింది.

ఇక నా దగ్గరే ఉంటుంది. ఇంటి దగ్గర అమ్మకి మాత్రం ఇంకా చెప్పలేదు.